శిలలను చదివిన చరిత్రోపాధ్యాయుడు
గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితము

విద్యార్థులారా, చరిత్ర యనగానే మనలో పలువురికి కంఠపాఠము జ్ఞప్తికి వచ్చును. ఏ రాజు ఎప్పుడు పట్టమెక్కెను, ఏ యుద్ధము ఎక్కడ జరిగెను అని వల్లించి, పరీక్ష ముగిసిన మరునాడే మరచిపోవుట వాడుకయైనది. చరిత్ర యంతయు ఢిల్లీలోనో, హంపీలోనో జరిగినదనియు, మన పల్లెలకు దానితో పనిలేదనియు భావించువారును కలరు. మనము నడచు బాటప్రక్కన, మ్రొక్కు గుడి గోడమీద, మన అవ్వతాతల మాటలలో చరిత్ర నిలిచియున్నదని ఎవరైనను చేయి పట్టి చూపిననేగాని మనకు తెలియదు. అట్లు చూపవలెననిన, ఆ ఉపాధ్యాయుడు ముందుగా తాను వెదకి చూచినవాడై యుండవలెను.

అటువంటి ఉపాధ్యాయులలో అగ్రగణ్యులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమమునకు నాయకులుగా ఆయనను తెలుగువారందరు ఎరుగుదురు. ఆయన జన్మదినమగు ఆగష్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. కాని ఆయన మొట్టమొదట చరిత్ర చెప్పు బడిపంతులు. ఆయన తరువాత చేసిన ఘనకార్యములన్నియు ఆ బడిపంతులు పనిలోనుండియే మొలకెత్తినవి. ఈ సంగతి తలచువారు తక్కువ. తెలుగు మాతృభాషగా గలిగి పరభాషా ప్రాంతమున చదువుకొనుచున్న మనకు, ఆయన జీవితములోని ఈ భాగము మిక్కిలి తెలిసికొనదగినది.

రామమూర్తిగారు 1863వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీన, శ్రీకాకుళ ప్రాంతమున వంశధారానదికి చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. ప్రాథమిక విద్య ఆ ఊరిలోనే జరిగినది. 1875లో, కుమారునికి పండ్రెండేండ్లు నిండక పూర్వమో నిండుచుండగనో, తండ్రి జ్వరముతో మరణించిరి. తండ్రి నీడ తొలగిన బాలుడు బంధువుల ఆదరణతో విజయనగరము చేరి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివెను. అక్కడ ఆయనకు సహాధ్యాయిగా లభించినవారు గురజాడ అప్పారావుగారు. బాల్యమున కుదిరిన ఆ స్నేహము మున్ముందు తెలుగుభాష నడకనే మార్చినది. 1879లో రామమూర్తిగారు మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైరి.

మరుసటి సంవత్సరము, అనగా 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల వేతనముపై ఆయనకు ఉపాధ్యాయ పదవి లభించెను. మొదటి ఫారము పిల్లలకు చరిత్ర చెప్పవలెను. అప్పటికి ఆయన వయస్సు పదునేడేండ్లు. చెప్పువానికిని వినువారికిని వయస్సులో పెద్ద అంతరము లేదు. కుటుంబభారము మీద పడియుండుటచే పైచదువునకు పట్టణము పోవు అవకాశమును లేదు. అందుచే పగలు బోధించుచు, తీరిక వేళల తానే చదువుకొనుచు, 1886లో ఎఫ్. ఏ. పరీక్షను, అటుపిమ్మట చరిత్ర ప్రధానపాఠముగా బి. ఏ. పరీక్షను ముగించిరి. పాఠశాల కళాశాలగా పెరిగినప్పుడు ఆయనయు కళాశాల తరగతులకు బోధించు యోగ్యత సంపాదించిరి.

క్రొత్తగా బడిలో చేరిన ఉపాధ్యాయునకు పాఠ్యపుస్తకమే దిక్కు. అందున్నది చెప్పి, ప్రశ్నలడిగి, గంట కొట్టగానే లేచిపోయినను ఆయనను తప్పుపట్టువారు లేరు. కాని ఆ పుస్తకములలో పర్లాకిమిడి పిల్లల తాతముత్తాతల ఊసు లేదు. ఆ సీమను ఏలిన గాంగరాజుల చరిత్ర నాటికి సరిగా వ్రాయబడియే యుండలేదు. పర్లాకిమిడి రాజవంశమువారు తాము గాంగవంశజులమని చెప్పుకొనుచుండిరి. ఆ గాంగుల గుడులు వంశధారాతీరమున ముఖలింగములో నిలిచియేయుండెను. గోడలనిండ, స్తంభములనిండ శాసనములు చెక్కబడియుండెను. వచ్చుచు పోవుచు జనులు వానిని చూచుచునే యుండిరి. చదువగలవారు మాత్రము అరుదు. పుస్తకములో లేని చరిత్ర రాతిమీద ఉన్నప్పుడు, ఆ రాతినే చదువవలెనని రామమూర్తిగారు నిశ్చయించుకొనిరి.

ఈ నిశ్చయము తేలికైనది కాదు. వేయి సంవత్సరములలో మన అక్షరముల రూపములు ఎంతో మారినవి. నేటి తెలుగు చదువనేర్చినవాడు పదునొకండవ శతాబ్దపు శాసనము నెదుట నిరక్షరాస్యుడే. రామమూర్తిగారికి ఆ లిపి నేర్పు గురువు దగ్గరలో లేడు. తెలిసిన అక్షరమును ఆధారము చేసికొని తెలియనిదానిని పట్టుకొనుచు, ఒకచోటి అక్షరమును మరియొకచోటి దానితో పోల్చుకొనుచు, స్వయంకృషితో ప్రాచీన లిపులను ఆయన సాధించిరి. దినములకొలది ముఖలింగములోనే మకాముండి అక్కడి శాసనములను చదివి, పాఠములను సరిచూచిరి.

శాసనములను కాగితముపైకి తీయు పద్ధతి యెట్టిదో విద్యార్థులు తెలిసికొనుట మంచిది. ముందుగా రాతిని దుమ్ము లేకుండ శుభ్రపరుతురు. తడిపిన కాగితమును దానిపై పరచి, కుంచెతో మెల్లగా తట్టగా, కాగితము అక్షరముల గుంటలలోనికి దిగును. అటుపై సిరా అద్దినచో మిట్టగానున్న భాగము నల్లబడి, గుంటలైన అక్షరములు తెల్లగా నిలుచును. రాతిమీద కంటికి తోచని గీతలు సయితము కాగితముమీద తేటపడును. ఒక నాణెముపై పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దిచూచిన ఏ బాలునికైనను దీని కిటుకు క్షణములో బోధపడును.

శాసనము చదువుటతో పని తీరదు. అందలి కాలమును లెక్కించవలెను. శాసనములు పెక్కు శకవర్షములలో కాలమును చెప్పును. శకవర్షమునకు 78 కలిపినచో క్రీస్తుశక సంవత్సరము ఇంచుమించుగా తెలియును. నడగాము అను గ్రామమున దొరకిన వజ్రహస్తుని రాగిశాసనము శకవర్షము 979 నాటిది, అనగా క్రీ. శ. 1057వ సంవత్సర ప్రాంతమునకు చెందినది. ఈ వజ్రహస్తుడు, పూరీ జగన్నాథాలయ నిర్మాతగా ప్రసిద్ధికెక్కిన అనంతవర్మ చోడగంగునకు తాత. ఆ రాగిశాసనమును పరిష్కరించి, శాసనములకై ప్రత్యేకముగా వెలువడు ఎపిగ్రాఫియా ఇండికా అను సంపుటములలో ప్రకటించినవారు రామమూర్తిగారే.

ఆ సందర్భముననే ఆయన ఒక పెద్ద చిక్కును విడదీయ బూనుకొనిరి. గాంగుల తొలి రాజధాని కళింగనగరము. అది సముద్రతీరమందలి కళింగపట్టణమే యని అంతకుముందు కొందరు పండితులు తలచియుండిరి. పేర్లలోని పోలికయే వారి కాధారము. రామమూర్తిగారు ముఖలింగములోని శాసనములను, అక్కడి ప్రాచీన ఆలయములను, చుట్టుపట్ల శిథిలములను పరిశీలించి, ముఖలింగమే కళింగనగరమని వాదించిరి. తరువాతి చరిత్రకారులు పెక్కుమంది ఈ నిర్ణయమును అంగీకరించిరి. దూరమునుండి పేరును చూచి చేసిన ఊహకును, చోటికి పోయి కనులార చూచి చేసిన నిర్ణయమునకును గల భేదము ఇందు స్పష్టముగా కానవచ్చుచున్నది. పేరుమోసిన పండితుల ఊహను కాదనినవాడు ఏ విశ్వవిద్యాలయపు ఆచార్యుడును గాక, ఒక చిన్న ఊరి బడిలో చరిత్ర చెప్పుకొను పంతులగుట మన ఉపాధ్యాయులు గర్వింపదగిన విషయము.

ముఖలింగపు రాళ్లు ఆయనకు మరియొక సత్యమును గూడ బోధించినవి. రాజులు, దాతలు, వర్తకులు, అధికారులు చెక్కించిన తెలుగు శాసనములలోని మాటల రూపములు వ్యాకరణగ్రంథములలోని రూపములతో అన్నిచోట్ల సరిపోవు. భాష కాలముతోపాటు నడచునదని పుస్తకము చెప్పిన మాటగా గాక, కన్నుల గట్టిన దృష్టాంతముగా ఆయన గ్రహించిరి. ఈ గ్రహింపు ఆయన జీవితములో మున్ముందు ఎట్లు ఫలించెనో చూడబోవుచున్నాము.

పర్లాకిమిడి చుట్టును కొండలు, అడవులు. అందు సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకుగాని, ఒడియాకుగాని సంబంధించినది కాదు; ముండా భాషలలో చేరినది. సంతలకు వచ్చు సవరలు పట్టణములోని వారి మాట తెలియక మోసపోవుట పరిపాటియై యుండెను. బడిలో చేరినను, తెలియని భాషలో చెప్పు పాఠము వారి పిల్లల చెవికి చప్పుడుగా వినబడునే కాని మనస్సునకు మాటగా అందదు. రామమూర్తిగారు దీనికి చేసిన ఉపాయము విచిత్రమైనది. సవరలకు తెలుగు నేర్పుటకు ముందు తాను సవర నేర్చుకొనవలెనని తలచిరి. తెలుగు, సవర రెండును తెలిసిన ఒకనిని ఇంటిలో నుంచుకొని, అతని నోటినుండి మాటలను, వాక్యములను విని వ్రాసికొనిరి. కొండలపైకి పోయి సవర పల్లెలలో తిరిగి, వారి పాటలను, కథలను సేకరించిరి. ఆ భాషకు అప్పటికి లిపి లేదు. వినబడు ప్రతి ధ్వనికిని తగిన గుర్తు నేర్పరుచుకొని, సవరపిల్లలకు వాచకములు సిద్ధపరచిరి. తన సొంతసొమ్ముతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవరలకు సవరలోనే చదువు చెప్పించిరి.

ఈ పని ఒకటి రెండేండ్లతో ముగిసినది కాదు. మూడు దశాబ్దములకు పైబడి సాగినది. 1913లో ప్రభుత్వమువారు ఆయనకు రావు సాహెబు బిరుదమునిచ్చిరి. 1931లో ఆంగ్లమున ఆయన వ్రాసిన సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును మద్రాసు ప్రభుత్వమువారు ముద్రించిరి. కుమారులు సీతాపతిగారు సయితము తండ్రి అడుగుజాడలలో నడచి ఆ భాషయందు కృషి చేసిరి. 1936లో మంగెయి గొమాంగో అను సవర పెద్ద తమ భాషకు ఒక ప్రత్యేక లిపినే కల్పించెను. ఒక జాతి తన భాషను తాను గౌరవించుకొన మొదలిడినచో అది ఎంతదూరము పోగలదో దీనివలన తెలియుచున్నది.

అయితే ఈ పనికి రామమూర్తిగారు చెల్లించిన మూల్యము స్వల్పము గాదు. అడవులలో తిరుగుచుండగా చలిజ్వరము పట్టుకొనెను. జ్వరమునకై పుచ్చుకొన్న క్వయినా మందువలన ఆయన వినికిడి దెబ్బతినెను. ధ్వనులను సూక్ష్మముగా విని వ్రాసికొనుటయే పనిగా పెట్టుకొన్న మనుష్యునకు చెవులు పోవుటకంటె గొప్ప నష్టమేమున్నది? అయినను ఆయన పని విడువలేదు. వ్యాకరణము, నిఘంటువు రెండును ఆ చెవిటితనముతోనే పూర్తియైనవి.

ముప్పది సంవత్సరములు పనిచేసి 1911లో రామమూర్తిగారు ఉపాధ్యాయ పదవినుండి విరమించిరి. అంతకు కొలది సంవత్సరముల పూర్వమే తెలుగు బోధనలోని చిక్కులవైపు ఆయన దృష్టి మరలియుండెను. 1907 ప్రాంతమున పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె. ఏ. యేట్సు దొరకు ఒక సందేహము కలిగెను. పిల్లలు మాటలాడు తెలుగొకటి, పుస్తకములలోని తెలుగు మరియొకటి యగుటకు కారణమేమని ఆయన విచారించెను. ఆ విచారణలో గురజాడవారును, రామమూర్తిగారును, విశాఖపట్టణ కళాశాలాధ్యక్షులైన పి. టి. శ్రీనివాసయ్యంగారును కలిసిరి. నాటినుండి వ్యావహారిక భాషావాదము బలపడెను. సవర బాలునకు తెలుగు పాఠము ఎట్లో, తెలుగు బాలునకు ప్రాచీన వ్యాకరణపు తెలుగు ఇంచుమించుగా అట్లే యని రామమూర్తిగారికి అనుభవపూర్వకముగా తెలియును. తనకు రాని మాటలలో వ్రాయుమని నిర్బంధించినచో బాలుడు తన ఆలోచనను వదలి మాటలకొరకు వెదకును.

జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పండితులు ఈ వాదమును గట్టిగా ప్రతిఘటించిరి. రామమూర్తిగారు సభలలో నిలువునా పుస్తకముల మూటలు విప్పి, ప్రాచీన వచనములనుండియు, శాసనములనుండియు ఉదాహరణములు చూపి వాదించెడివారు. చరిత్రోపాధ్యాయుని అలవాటు ఆయనను విడువలేదు. ఆధారము చూపనిదే మాట చెప్పరు. 1919లో తెలుగు అను పత్రికను స్థాపించిరి. ఆ సంవత్సరమే కందుకూరి వీరేశలింగము పంతులుగారి అధ్యక్షతన వ్యావహారికభాషా ప్రచారమునకు ఒక సమాజ మేర్పడెను. నేడు పత్రికలు, పాఠ్యపుస్తకములు వాడుకభాషలో వెలువడుచున్నవన్నచో అది ఆయన నాటిన విత్తనపు ఫలమే.

ఇంతటి వాడుకభాషావాది చరిత్రను ఈ పుటలలో గ్రాంథికచ్ఛాయతో వ్రాయుట వింతగా తోచవచ్చును. కాని రామమూర్తిగారు ప్రాచీన సాహిత్యమును చదువవలదనలేదు. ఆయనవలె దానిని లోతుగా చదివినవారే తక్కువ. పాతభాషను చదివి అర్థము చేసికొనుట వేరు, పిల్లవాడు తన మనస్సులోని మాటను ఆ భాషలోనే వ్రాసితీరవలెననుట వేరు. మొదటిదానిని ఆయన కోరిరి, రెండవదానిని ఎదిరించిరి. మన విద్యార్థులు ఇట్టి వ్రాతను చదివి తెలిసికొనవలెను. తమ వ్యాసములను తమ సహజమైన తెలుగులో నిర్భయముగా వ్రాయవలెను.

వార్ధక్యమున ఆయనకు మరియొక పరీక్ష వచ్చెను. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడినది. తెలుగువారు విస్తారముగా నున్న పర్లాకిమిడి పట్టణమును అందు చేర్చిరి. రామమూర్తిగారు ఈ ఏర్పాటును వ్యతిరేకించి పనిచేసిరి, ఫలితము లేకపోయినది. ఏబదియారు సంవత్సరములుగా పాతుకొనియున్న ఊరిని, ఇంటిని విడిచి, డెబ్బదిమూడవ యేట ఆయన రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. గమనింపదగిన విషయమేమనగా, ఏ సవరల భాషకొరకు ఆయన చెవులను పోగొట్టుకొనిరో ఆ భాష ఆయన మాతృభాష కాదు. పరుల మాతృభాషను గౌరవించినవానికే తన మాతృభాషకొరకు నిలువబడు అర్హత సంపూర్ణముగా నుండును. 1940వ సంవత్సరము జనవరి 22వ తేదీన మద్రాసులో రామమూర్తిగారు కీర్తిశేషులైరి.

ఆయన పర్లాకిమిడిని వీడిన ఇరువది సంవత్సరములకు, అనగా 1956లో, భాషలనుబట్టి రాష్ట్రములు ఏర్పడినవి. ఏ గీత గీచినను ఆ గీతకు అవతల కొందరు, ఇవతల కొందరు మిగులక తప్పదు. తెలుగు, కన్నడము, తమిళము కలిసిమెలిసి వినవచ్చు మన హోసూరు, కృష్ణగిరి సీమలు ఇందుకు దృష్టాంతము. అట్లు మిగిలినవారిని దృష్టియందుంచుకొనియే ఆ 1956లోనే రాజ్యాంగమున 350-ఏ అను అధికరణము చేర్చబడినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన వసతులు కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని అది నిర్దేశించుచున్నది. అంతకు ఎన్నో యేండ్లముందే, ఏ శాసనమును లేకుండగనే, ఒక బడిపంతులు తన జీతపు డబ్బుతో సవర పల్లెలలో ఆ పనిని ఆచరించి చూపెను.

తల్లిదండ్రులలో కొందరికి ఒక భయము గలదు. ఇంటిభాషలో చదివినచో బిడ్డ వెనుకబడునేమో యని వారు శంకింతురు. తమిళనాడులో 2006వ సంవత్సరపు చట్టముచే తమిళ బోధన అన్ని పాఠశాలలలో తరగతి వెంబడి తరగతిగా నిర్బంధమైనది. మన పిల్లలు తమిళమును చక్కగా నేర్వవలెను. అది మన ఇరుగుపొరుగువారి భాష, మన జీవనమునకు ఆవశ్యకమైన భాష. రామమూర్తిగారు ఆంగ్లమున గ్రంథములు వ్రాసిరి, సవరను సాధించిరి, సంస్కృతమును ఎరిగిరి. ఇన్ని నేర్చినను తెలుగు ఆయనకు బరువు కాలేదు. పునాది గట్టిదైన ఇంటికి అంతస్తులు ఎన్నియైనను వేయవచ్చును. బిడ్డ తన ఇంటిమాటలో ఆలోచించుట నేర్చినయెడల ఇతర భాషలు ఆ ఆలోచనకు క్రొత్త ద్వారములగును.

ఇక విద్యార్థులకు. ముఖలింగము మనకు దూరము. కాని రామమూర్తిగారి మార్గము దూరము కాదు. మన కృష్ణగిరి జిల్లాలో పొలములగట్లపై, చెట్లక్రింద వీరగల్లులు ఎన్నో నిలిచియున్నవి. పశువులను కాపాడుటకో, ఊరిని రక్షించుటకో పోరి మడిసిన వీరుల జ్ఞాపకముగా వానిని నిలిపిరి. 1799వ సంవత్సరము మార్చి మాసమున జనరల్ హారిస్ నడిపిన సైన్యము టిప్పుసుల్తానుమీద యుద్ధమునకై శ్రీరంగపట్టణమునకు పోవుచు మన కెలమంగలము మీదుగనే సాగినది. అంతకుముందు 1791లో మన పొరుగున నున్న రాయకోట దుర్గము ఆంగ్లేయుల వశమైనది. ఇవన్నియు పుస్తకములో ఒక వాక్యము. మనకు మాత్రము కాలినడకన చూడదగిన చోట్లు.

కనుక మీ ఊరిలోని పాతరాయి నొకదానిని ఎన్నుకొనుడు. దానికి సున్నము పూయకుడు, రంగు వేయకుడు, కదలింపకుడు. పొడవు వెడల్పులు కొలిచి వ్రాసికొనుడు. అందలి బొమ్మను పెన్సిలుతో గీయుడు. వీరుని చేతిలోనిది కత్తియో, విల్లో, ఈటెయో గుర్తింపుడు. అక్షరములున్నచో, తెలియకపోయినను, ఉన్నవి ఉన్నట్లు దించుకొనుడు. అవి తెలుగో, కన్నడమో, తమిళమో తరగతిలో కలిసి విచారింపుడు. ఆ రాతిని గూర్చి అవ్వ యేమనునో, తాత యేమనునో అడిగి, వారి మాటలను వారి యాసలోనే వ్రాసికొనుడు. వారు చెప్పినది కథయో, చరిత్రయో వెంటనే తేల్చనక్కరలేదు. చెప్పినవారి పేరు, విన్న తేదీ ప్రక్కన వ్రాయుట మాత్రము మరువకుడు. ఆ నోటుపుస్తకమును బడిలో భద్రపరచినచో, రేపు మీ తరువాత వచ్చువారికి అదియే ఒక ఆధారమగును.

ముప్పది రూపాయల జీతముతో చిన్నపిల్లలకు చరిత్ర చెప్ప మొదలిడిన ఒక యువకుడు, తన ఊరి దాపుననున్న రాళ్లను చదువుట నేర్చి, ఒక రాజధానిని గుర్తించెను. తన ఊరి కొండలపైనున్న ప్రజల మాట విని, వారి భాషకు వ్యాకరణమును సమకూర్చెను. ఆయనకు దొరకిన సాధనములు కాగితము, కలము, ఓపిక. అవి మన బడిలోను గలవు.